వర్తక సంఘంలో చేరితే చిన్న వ్యాపారికి నిజంగా ఏమైనా ఉపయోగం ఉందా?

ఇంట్లో పచ్చళ్లు, కారప్పొడులు పట్టి చిన్న షాపులో అమ్ముతున్నామని రాశారు. వర్తక సంఘం వాళ్లు సభ్యత్వం తీసుకోమని వెంటపడుతున్నారని, ఏడాది చందా కాక చవితికి ఒకటి, చలివేంద్రానికి ఒకటి అడుగుతారట కదా అని, ఫొటోలు దిగడం తప్ప వాళ్లు చేసేదేమైనా ఉందా అని అడిగారు.

ముందే చెబుతున్నా, సంఘంలో చేరితే గిరాకీ పెరుగుతుందని ఎవరన్నా నమ్మకండి. నాది విజయవాడ సింగ్‌నగర్‌లో హార్డ్‌వేర్, ఎలక్ట్రికల్ షాపు. చాలా ఏళ్లుగా మా ఏరియా సంఘంలో ఉన్నాను. దాని వల్ల నా గల్లా దగ్గరికి వచ్చిన కొత్త కస్టమర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. అయినా ఏటా చందా కడుతున్నాను, గొణుక్కుంటూనే అనుకోండి.

మా లైన్లో సగం వ్యాపారం అరువు మీదే నడుస్తుంది. ముఖం తెలియని కాంట్రాక్టర్ ఒకడు వచ్చి, "రెండు లక్షల వైరూ పైపులూ సైటుకి పంపించండి, శ్లాబు పడగానే సెటిల్ చేస్తా" అంటాడు. వాడు టీ తాగేలోపు సంఘంలో ఒకరికి ఫోన్ కొడతాను. "ఫలానా పార్టీ ఎలా అన్నా?" అంటే, "ఇస్తాడు, కానీ తిప్పిస్తాడు" అని ఒకాయన, "క్యాష్ అయితే ఇచ్చెయ్ తమ్ముడూ" అని ఇంకొకాయన చెబుతారు. అంతే, విషయం అర్థమైపోతుంది. హోటల్లో టిఫిన్ మీటింగులు పెట్టి విజిటింగ్ కార్డులు పంచుకునే క్లబ్బులు వేరే ఉన్నాయి. ప్రింటింగ్, ఇంటీరియర్ పనుల వాళ్లకు అవి బాగానే పనికొస్తాయి. నాకు మాత్రం నెట్‌వర్కింగ్ అంటే ఆ ఒక్క ఫోనే.

అసలు సంఘం ఎందుకో నాకు తెలిసింది 2024 సెప్టెంబర్ 1న. బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్ అంతా మునిగింది. మా షాపులో నడుము పైదాకా నీళ్లు. అవి తీశాక షట్టర్ ఎత్తితే సిమెంటు బస్తాలు బండరాళ్లయి ఉన్నాయి, మోటార్ల నిండా బురద, స్విచ్‌ల అట్టపెట్టెలన్నీ నాని ఒకే ముద్ద. కింది అరలో పెట్టిన కొనుగోలు బిల్లుల ఫైళ్లు పట్టుకుంటే చేతికి అంటుకుపోయాయి.

మొదటి రోజుల్లో వన్‌టౌన్ వైపు షాపులున్న మా సభ్యులు పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు, పులిహోర పొట్లాలు ట్రాక్టర్ల మీద పంపారు. నిజమే, బ్యానర్ కట్టారు, ఫొటోలూ దిగారు. మేడ మీద పిల్లలతో కూర్చున్నవాడికి పొట్లం మీద ఎవరి పేరుంటే ఏంటి! అందుకే ఫొటోల గురించి నాకు మీకున్నంత కోపం లేదు.

కానీ పొట్లాలు ఎవరైనా పంచుతారు. ఆ తర్వాత జరిగిన పని సంఘమే చేయగలిగింది. ఒక హాల్లో ఆడిటర్ గారిని లాప్‌టాప్‌తో కూర్చోబెట్టారు. బిల్లులు పోయాయని అందరం నెత్తిన చేతులు పెట్టుకుంటే ఆయన నవ్వి, "మీరు కొన్నవన్నీ జీఎస్టీ పోర్టల్లోనే ఉన్నాయి కదండీ" అన్నారు. లాగిన్ అయ్యి 2బీ స్టేట్‌మెంట్ తీస్తే ఏ డీలర్ దగ్గర, ఏ తేదీన, ఎంతకు కొన్నామో బిల్లు నంబర్లతో సహా వచ్చేసింది. ఆ నంబర్లు చెప్పి డీలర్ల దగ్గర డూప్లికేట్ బిల్లులు తెప్పించుకున్నాం. నష్టం లెక్క వాటి మీదే నిలబడింది.

ఇంకో మెలిక కూడా ఆయనే చెప్పారు. పాడైపోయిన సరుకు మీద అంతకుముందు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి మన పన్నులో తగ్గించుకున్న మొత్తాన్ని, జీఎస్టీ చట్టం ప్రకారం వెనక్కి కట్టాలి. సరుకూ పోయి, పన్నూ కట్టడమా అని హాల్లో పెద్ద గోల. అందుకే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో సరుకు ధరతో పాటు ఆ పన్ను మొత్తాన్నీ కలిపి అడగండి అన్నారు. ఒంటరిగా ఉన్నవాడికి ఈ సంగతి ఎవరు చెబుతారు?

ఇన్సూరెన్స్ దగ్గర చాలామందికి దెబ్బ తగిలింది. బ్యాంకు లోను కోసం ఎప్పుడో తీసుకున్న పాలసీని అదే మొత్తానికి రెన్యువల్ చేసుకుంటూ పోతాం, ఈలోగా షాపులో సరుకు రెట్టింపవుతుంది. పది లక్షల సరుకుంటే పాలసీ ఐదు లక్షలకే ఉందనుకోండి, నాలుగు లక్షల నష్టం వస్తే చేతికొచ్చేది దాదాపు రెండు లక్షలే, సగం సరుకుకే పాలసీ ఉంది కాబట్టి నష్టంలోనూ సగమే ఇస్తారు. పాలసీ మొత్తం ఐదు లక్షలుంది కదా, నాలుగూ ఇవ్వాలి అని వాదిస్తే కుదరదు. ఇవాళే మీ పాలసీ తీసి చూసుకోండి, సంఘంలో చేరినా చేరకపోయినా.

ప్రభుత్వ పరిహారం సంగతీ అంతే. చిన్న దుకాణాలకు 25 వేలు ప్రకటించారు. ఎంఎస్‌ఎంఈగా, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థగా నమోదై టర్నోవర్ 40 లక్షల లోపు ఉంటే 50 వేలు. ఒకే వీధి, ఒకే నీళ్లు, మధ్యలో ఒక్క కాగితం తేడా. పేర్లు రాయడానికి సిబ్బంది వచ్చినప్పుడు తాళం వేసి ఊరెళ్లిన షాపులు జాబితాలో తప్పిపోతే, సంఘం లెటర్‌హెడ్ మీద పేర్లన్నీ ఒకేసారి రాసి ఇచ్చారు. వార్డు సచివాలయం దగ్గర నేనొక్కణ్ని నిలబడితే "రేపు రండి" అనేవాళ్లు, పదిమందిమి కలిసి వెళితే కుర్చీ వేశారు.

ఇప్పుడు మీ పచ్చళ్ల సంగతికి వస్తాను. మీరు తయారీదారులు, నాలాగా కొని అమ్మేవాళ్లు కాదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే ఇందాక చెప్పిన ఎంఎస్‌ఎంఈ నమోదు, వెంటనే చేయించుకోండి. ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉచితం, ఏజెంటుకు వేలు పోయకండి. మాలాంటి ట్రేడర్లకు 2021 జూలై నుంచి ఉద్యమ్ ఇస్తున్నా, వరద పరిహారం లాంటివి పక్కనపెడితే అది బ్యాంకు రుణాల వరకే పనికొస్తుంది. మీకు మాత్రం 45 రోజుల రూలు కూడా వర్తిస్తుంది. మీరు ఏ సూపర్ మార్కెట్‌కో సరుకు వేస్తే, రాతపూర్వకంగా ఒప్పందం లేనప్పుడు 15 రోజుల్లో, ఉంటే అందులో రాసుకున్న గడువులో, ఎంత లేదన్నా 45 రోజుల లోపు డబ్బులివ్వాలి. ఆ గడువులో ఇవ్వకపోతే వాళ్ల ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చు చూపించుకోవడానికి డబ్బు చెల్లించేదాకా ఆగాల్సిందే. మార్చి నెలలో వాళ్ల ఆడిటరే వాళ్లను తొందరపెడతాడు.

చట్టం ఉంది కదా అని మొదటి బాకీకే ఫిర్యాదు పెడితే మాత్రం ఆ షాపు మళ్లీ మీ దగ్గర కొనదు. ఇక్కడే సంఘం పెద్దమనిషి పనికొస్తాడు. "ఏమయ్యా, ఆ పచ్చళ్లవాళ్ల బిల్లు ఎందుకు ఆపావు?" అని టీ కొట్టు దగ్గర నలుగురి ముందు అడిగితే, వారంలో ఫోన్‌పే మోగుతుంది. అన్నిసార్లూ కాదు, కానీ నోటీసు కన్నా ఎక్కువసార్లే.

చిన్న పనులు ఇంకా ఉన్నాయి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా ముద్ర వేయించాలి కదా, మా సంఘం తూనికలు కొలతల శాఖ వాళ్లను పిలిపించి ఒకేచోట క్యాంపు పెట్టిస్తుంది. ప్యాకెట్ మీద బరువు, ఎంఆర్‌పీ, తయారైన తేదీ, కస్టమర్ కేర్ నంబరు సరిగా ఉన్నాయో లేదో అక్కడే అడిగేయొచ్చు. తనిఖీకి వచ్చి పట్టుకునే లోపు తెలుసుకోవడం మేలు.

ఇక అసహ్యం పుట్టించే సంగతులూ ఉన్నాయి. చాలా సంఘాల్లో ఎన్నికలంటే నలుగురు పెద్ద డీలర్లు రాత్రి కూర్చొని పేర్లు రాసుకోవడం, పొద్దున "ఏకగ్రీవం" అని శాలువాలు కప్పుకోవడం. వాళ్లకు కావలసినవి లారీలు లోపలికి వచ్చే టైములు, గోడౌన్ల పన్నులు. సందులో ఉన్న మీ షాపు ముందు మురుగు పొంగుతోందంటే "చూద్దాం" అంటారు. ఎన్నికలొస్తే ఎవరో ఒక నాయకుడికి సన్మానం మన చందాతోనే. మా సంఘంలోనూ ఇవన్నీ ఉన్నాయి. చలివేంద్రం చందా ఒక్కటే నేను నవ్వుతూ ఇస్తాను. బెజవాడ ఎండల్లో మే నెల మధ్యాహ్నం చల్లటి మజ్జిగ గ్లాసు దొరికే వీధికి జనం వస్తారు. సేవా అవుతుంది, వీధికి కళా ఉంటుంది.

మీ ఊరి సంఘం ఎలాంటిదో తేల్చుకోవాలంటే డబ్బు కట్టకముందే ఒక మీటింగుకు వెళ్లి వెనక వరసలో కూర్చోండి. మీలాంటి చిన్న షాపువాళ్లు లేచి మాట్లాడుతున్నారా, మాట్లాడితే మినిట్స్ పుస్తకంలో ఎవరైనా రాస్తున్నారా చూడండి. సొసైటీగా రిజిస్టర్ అయిందా, నిరుటి జమాఖర్చులు చూపిస్తారా అని అడగండి. "మన వాళ్ల మధ్య లెక్కలేంటమ్మా" అంటే దండం పెట్టి వచ్చేయండి. చూపిస్తే ఒక ఏడాదికి కట్టి చూడండి, పెద్ద నష్టమేమీ లేదు.

చేరగానే కొత్తవాళ్లని ఏదో ఒక కమిటీలో వేస్తారు. చలివేంద్రం కమిటీ అయితే ఒప్పుకోండి, నాలుగు వీధుల వాళ్లకూ మీ ముఖం తెలుస్తుంది. ట్రెజరర్ పదవి అంటే మాత్రం ఇంట్లో పని ఉందని తప్పించుకోండి. మీరిప్పుడు తిట్టుకుంటున్న ఆ చందా రసీదు పుస్తకం పట్టుకొని షాపు షాపుకీ తిరగాల్సింది ఆయనే.