తలకోన అడవిలో బండల మధ్య ఉండే గబ్బిలాల గవిలోకి వెళ్లొచ్చా?

మీరు రెండు సంగతులు అడిగారు: శేషాచలం అడవిలో గుండ్ల సందున ఉండే గబ్బిలాల గవిలోకి దూరొచ్చా, పదేళ్ల అబ్బాయిని వెంటబెట్టుకుపోవచ్చా అని. గైడు ఉంటే వెళ్లండి. కానీ వాకిలి దాటి పదడుగులకు మించి పోకండి. నేను పోయింది కూడా అంతవరకే, చూడదగ్గదంతా అంతలోనే ఉంది.

ముందు అనుమతి సంగతి. తలకోన అడవి 1989లో ప్రకటించిన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులోది. ఎర్రచందనం దొంగల కోసం సిబ్బంది గాలిస్తుంటారు. వీపున సంచి, నెత్తిన లైటుతో పొద్దుగూకే వేళ దారి కాని దారిలో దొరికితే, గబ్బిలాలు చూడ్డానికొచ్చానంటే ఎవరు నమ్ముతారు? తలకోనలో అటవీశాఖ పర్యాటక కేంద్రం దగ్గర అడిగితే స్థానికులు గైడుగా వస్తారు. గవి ఎక్కడుందో మాత్రం నేను ఇక్కడ రాయను, కావాలనే.

బొర్రా, బెలుం గుహల్ని ఊహించుకుని వెళ్తే నిరాశే. అవి సున్నపురాయిని నీళ్లు కరిగించగా ఏర్పడ్డవి. ఇక్కడి రాయి ఒకప్పటి ఇసుకరాయి, గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. తిరుమల శిలాతోరణం కూడా ఈ రాయే. పగుళ్ల వెంట విడివడ్డ గుండ్లు కిందికి జారి, ఒకదాన్నొకటి ఆనుకుని ఆగిపోయిన చోట మిగిలిన ఖాళీయే ఈ గవి. కాబట్టి కింద నేలంటూ ఉండదు, రాళ్లూ వాటి మధ్య సందులే. ఆ సందుల మీద గబ్బిలాల పెంట పరుచుకుని చదునుగా కనిపిస్తుంది. నమ్మి అడుగేస్తే కాలు మోకాలి దాకా దిగి విరుగుతుంది. కర్రతో పొడిచి చూడందే అడుగు వేయొద్దు.

మాతో వచ్చిన పెద్దాయన వాకిలి దగ్గర చాలాసేపు ఆగాడు. ముందు మట్టిలో ఎలుగుబంటి జాడలు వెతికాడు. ఎలుగులు పగలు ఇట్లాంటి గవుల్లోనే పడుకుంటాయి. తర్వాత తలెత్తి బండ చూరుకు కొండ తేనెపట్టు ఉందేమోనని చూశాడు. సెంటు కొట్టుకున్నారా, బీడీలు సిగరెట్లు ఉన్నాయా అని కూడా అడిగాడు, ఆ వాసనకూ పొగకూ తేనెటీగలు రేగుతాయి. నన్నడిగితే ఈ అడవిలో గబ్బిలాలకన్నా ఎలుగులకూ తేనెటీగలకే భయపడాలి.

లోపల మొదట తగిలేది వాసన. ముక్కు మండించే అమోనియా ఘాటు, దానికి తోడు ఉక్క. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక కప్పు మీద ముడుచుకున్న చిన్న గబ్బిలాలు కనిపించాయి. పురుగుల్ని వేటాడే రకం. అవి దారి వెతుక్కునే కూత మన చెవికి అందదు, మనకు వినపడే కిచకిచలు వాటి తగవులవి. ఇంకాస్త లోపల్నుంచి టిక్‌టిక్‌మని చప్పుడు వచ్చింది. గుహల్లో ఉండి పళ్లు తినే గబ్బిలాలు నాలుకతో చేసే శబ్దమది. మన దేశంలో పళ్లు తినే మిగతా జాతులు దాదాపు అన్నీ చూపునీ వాసననే నమ్ముకుంటాయి, ఇవి మాత్రం చీకట్లో ఆ చప్పుడు ప్రతిధ్వనిని పట్టుకుని ఎగురుతాయి. ఒక బండ అడుగున తెల్లటి గుడ్లు గుంపుగా అతుక్కుని ఉన్నాయి. బంగారు బల్లివి. నాకు గబ్బిలాలకన్నా అవి చూడ్డమే ఎక్కువ సంతోషం.

ఇంకో అడుగు వేయబోతే పెద్దాయన చెయ్యి అడ్డంపెట్టాడు. "ఇంక వద్దప్పా, పిల్లలుంటాయి" అన్నాడు. తల్లి సాధారణంగా ఒక్కసారికి ఒక్క పిల్లనే కంటుంది. మందంతా బెదిరి లేస్తే పిల్ల కిందపడుతుంది, పడినది బతకడం కష్టం. అందుకే ఫ్లాష్ ఫొటోలు వద్దు. లైటుకు ఎర్ర కాగితం చుట్టండి, మాటలు తగ్గించండి. పళ్లు తినే గబ్బిలాలను పాత వన్యప్రాణి చట్టం కాకులు, ఎలుకలతో కలిపి హానికర జంతువుల జాబితాలో పెట్టింది. 2022 సవరణతో ఆ జాబితానే పోయింది. గబ్బిలం మాంసం తింటే ఉబ్బసం తగ్గుతుందని వలలు పట్టుకొచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ మాటలో నిజం లేదు.

ఎండిన పెంట దుమ్ములో ఊపిరితిత్తులకు ఎక్కే బూజు ఉండొచ్చు, ఎన్95 మాస్కు తప్పదు. చేతికి గ్లౌజులు వేసుకోండి, కప్పునూ గోడల్నీ తాకొద్దు. గబ్బిలం గీరినా, కరిచినా సబ్బునీళ్లతో పావుగంట కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా సంగతి అడగండి.

ఇక మీ అబ్బాయి. గవిలోకి వద్దు. కాలు జారే రాళ్లు, ఆ దుమ్ము పిల్లలకు పడవు. పొద్దుగుంకాక అడవిలో ఉండటం కూడా మంచిది కాదు, చిరుతలు తిరిగే చోటది. పగలు జలపాతం చూపించండి. గబ్బిలాలు చూస్తానని మారాం చేస్తే, మీ ఊళ్లో అవి కాపురముండే పాత మండపం ఏదో కనుక్కుని, సూర్యాస్తమయానికి పావుగంట ముందు దాని ఎదుట నిలబెట్టండి. గుంపులు గుంపులుగా బయటికి వస్తాయి, కావాల్సినన్ని లెక్కపెట్టుకుంటాడు.