ఒకే రోజు యాంటిలోప్ కేన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ: ఫోన్ టైము మారిపోతోంది

అరిజోనాలో ఉదయం 10:30కి యాంటిలోప్ టూరు, అదే రోజు సాయంత్రం 4కి మాన్యుమెంట్ వ్యాలీ జీపు బుక్ చేసుకున్నాం, ఫోన్ టైము మారిపోతోంది, పాడైందా అని అడిగారు. ఫోన్ పాడవలేదండి. వేసవిలో (మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా) నవాహో నేషన్ (అక్కడి నవాహో ఆదివాసీల స్వయంపాలిత ప్రాంతం) గడియారాన్ని గంట ముందుకు జరుపుతుంది, మిగతా అరిజోనా జరపదు. అందుకే యాంటిలోప్ దగ్గరి పేజ్ ఊళ్ళో 9 అయితే కాస్త అవతల నవాహో నేల మీద 10.

యాంటిలోప్ ఉన్నది నవాహో నేల మీదే అయినా టూర్లు పేజ్ టైముతోనే నడుస్తాయి. మీ 10:30 అంటే పేజ్ 10:30. మాన్యుమెంట్ వ్యాలీ జీపు 4 గంటలు మాత్రం నవాహో టైము, అంటే పేజ్‌లో 3! చాలామంది తప్పేది ఇక్కడే.

1. ముందురోజు రాత్రే ఆటోమేటిక్ టైమ్ జోన్ ఆపేయండి.
2. జాబితాలో ఫీనిక్స్ ఎంచుకోండి. డెన్వర్ వద్దు. రెండూ మౌంటెన్ జోనే, కానీ వేసవిలో డెన్వర్ గంట ముందుంటుంది.
3. అలారం ఆ తర్వాతే పెట్టండి.
4. జీపు టైము కాగితం మీద "పేజ్ టైము 3" అని రాసుకోండి.
5. పేజ్‌లో 12:30కల్లా బయలుదేరండి, దారి రెండు గంటల పైనే. దారిలోని నవాహో ఊరు కయెంటా చేరాక ఆటోమేటిక్ మళ్ళీ ఆన్ చేయండి, ఇక ఫోన్‌లో జీపు టైము 4.