ఆ రోజులు ఆవిడకెలా గుర్తున్నాయి?

ప్రశ్న: నాకు 62 ఏళ్లు, మా ఆవిడకు 57. పెళ్లయి 34 ఏళ్లు. పిల్లలిద్దరూ బెంగళూరులో ఉంటారు. నేను రిటైరయ్యాక ఇంట్లో ‘కరెంటు బిల్లు కట్టారా, బీపీ మాత్ర వేసుకున్నారా’ తప్ప మాటల్లేవు. ఈమధ్య ‘లా బెల్ ఎపోక్’ అనే ఫ్రెంచ్ సినిమా చూసి కదిలిపోయాను. మళ్లీ దగ్గరవ్వాలనిపించి, మేం కొత్తకాపురం పెట్టిన రాజమండ్రికి తనను తీసుకెళ్లాను. అప్పట్లో సాయంత్రాలు గడిపిన గోదావరి గట్టు మీదే కూర్చున్నాం. అయిదు నిమిషాలకే ‘మోకాళ్లు పట్టేస్తున్నాయి, పదండి’ అంది. నా మీద ప్రేమ పోయినట్టేనా?

జవాబు: పోయిందని నాకనిపించడం లేదు. అరవై దాటాక కూడా భార్యకు దగ్గరవ్వాలని ఇంత తపన పడుతున్నారు, అది చిన్న విషయం కాదు.

నికోలా బెడోస్ 2019లో తీసిన ఆ సినిమా నాకూ ఇష్టం. భార్య మరియన్ ఇంట్లోంచి పొమ్మంటే, విక్టర్, కోరుకున్న పాతరోజుల్ని సెట్టు వేసి నటులతో చూపించే ఒక కంపెనీ చేత, 1974 నాటి లియోన్ నగరంలోని కెఫేని సెట్టు వేయించుకుంటాడు. ఆమెను మొదటిసారి చూసింది అక్కడే. కానీ ఆ సెట్టు ఎవరి జ్ఞాపకం? అంతా విక్టర్ చెప్పిందే. పడుచు మరియన్‌గా నటించే అమ్మాయి, చెవిలో ఆ సెట్టు నడిపే డైరెక్టర్ చెప్పే మాటలు పలుకుతుంది. విక్టర్ ఆ నటి మీదే మనసు పడతాడు! అసలు మరియన్ స్వయంగా ఆ కెఫేకి వచ్చాక గానీ వాళ్ల కథ మలుపు తిరగదు.

మీరూ అదే చేశారు. గట్టు మీద సాయంత్రాలు మీకు గుర్తున్నాయి. అదే ఏడాది ఆవిడకేం గుర్తుందో? కడుపుతో ఉండి బిందెలతో నీళ్లు మోయడం, అత్తగారు అన్న ఒక మాట, పక్కనే ఉన్న మీరు నోరు విప్పకపోవడం... ఇవి నా ఊహలే కావొచ్చు. కానీ భర్త మురిసిపోయే రోజుల్ని తలుచుకునే కళ్లనీళ్లు పెట్టుకున్న భార్యల్ని నేను చాలామందిని చూశాను.

కొన్నాళ్లు ప్రయాణాలు పక్కన పెట్టండి. సాయంత్రం ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే టీవీ కట్టేసి పక్కన కూర్చోండి, మీరూ నాలుగు కాయలు అందుకోండి. ‘రాజమండ్రిలో ఉన్నప్పుడు నీకు బాగా కష్టంగా ఉండేదేంటి?’ అని అడగండి. ‘ఇప్పుడెందుకవన్నీ’ అంటే వదిలేయండి, రెండ్రోజులాగి మళ్లీ అడగండి. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం ‘అలా జరగలేదే’ అనకండి. ‘మా అమ్మ ఉద్దేశం అది కాదు’ అని అసలే అనకండి. తప్పనిపిస్తే ‘అప్పుడు నేను మాట్లాడాల్సింది’ అనండి, చాలు.

ఇంకొకటి. ఆవిడ మోకాళ్ల నొప్పి అని చెబితే మీకు ప్రేమ పోయిందని వినిపించింది. నొప్పి నిజంగానే ఉండొచ్చు కదా! ఈ వారంలోనే ఎముకల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. అక్కడ ఎలాగూ గంటసేపు కూర్చోవాలి. ఆ గంటా ఫోన్ జేబులోనే ఉంచండి.