సీటు విప్పి చూడకుండా కొత్తది కొనకండి

ప్రశ్న అడిగినవారి దగ్గర 2012 మోడల్ మహీంద్రా థార్ జీపు ఉంది. డ్రైవర్ సీటు ఒక పక్కకి కుంగింది, రెక్సిన్ అంచుల దగ్గర చిరిగింది. ఉన్నవాటినే మళ్ళీ కుట్టించాలా, లేక తీసేసి బకెట్ సీట్లు (ఒంటిని పక్కల నుంచి పట్టి ఉంచేలా లోతుగా చేసి, బయట రెడీమేడ్‌గా అమ్మే సీట్లు) వేయించాలా అన్నది వారి సందేహం. నా జవాబు ముందే చెప్పేస్తాను. సీటు లోపలి ఇనప ఫ్రేము బాగుంటే కుట్టించండి. ఫ్రేము కొంచెం పోయినా బాగు చేయించి కుట్టించండి. బాగుచేయడానికి వీల్లేనంత పోతే అదే మోడల్ సీటు వెతికి వేయించండి. బకెట్ సీట్ల జోలికి మాత్రం వెళ్ళకండి.

మాది చింతపల్లి వైపు. కాఫీ, మిరియాల తోట పని. ఇంట్లో పాత మహీంద్రా 540 జీపు ఉంది, ప్యూజో డీజిల్ ఇంజినుది. తోటలోకి వెళ్ళే దారి దారి కాదు, వానాకాలంలో అది వాగు. అలాంటి చోట ఏళ్ళ తరబడి బండి తోలి నాన్నకి నడుం నొప్పి పట్టుకుంది. డాక్టరు ఎక్స్‌రే తీయించారు, మందులు రాశారు, నడుముకి బెల్టు పెట్టుకోమన్నారు. తగ్గినట్టే ఉండేది, మళ్ళీ లంబసింగి ఘాటీ ఎక్కి దిగితే మొదటికొచ్చేది. నాకెందుకో అనుమానం సీటు మీదే ఉండేది.

నర్సీపట్నంలో ఒక షాపుకి తీసుకెళ్తే అక్కడి మనిషి కౌంటర్ వదిలి బండి దాకా కూడా రాలేదు. ‘‘ఇవింక పనికి రావండి, సెట్టు మార్చేయండి’’ అని గోడకి ఆనించిన ఎర్ర దారం బకెట్ సీట్లు చూపించాడు. నాకు ఒళ్ళు మండింది. సీటు మీద చెయ్యి పెట్టి నొక్కి కూడా చూడని మనిషి మాటకి విలువేముంటుంది?

అక్కణ్ణించి లారీ సీట్లు కుట్టే ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి వెళ్ళాం. ఆయన సీటు ముట్టుకోకముందే నాన్నని ఎక్కి కూర్చోమన్నాడు. స్టీరింగ్ పట్టుకోమన్నాడు, క్లచ్ తొక్కమన్నాడు. బండి వెనక్కి వెళ్ళి వీపు వైపు నుంచి చూశాడు. ‘‘బాబుగారూ, మీ కుడి తుంటి దిగిపోయింది, ఎడం భుజం లేచింది. ఇలాగ వంకరగా కూర్చుని ఘాటీ ఎక్కితే నడుం నొప్పి రాకేటవుద్ది?’’ అన్నాడు. మన బండ్లలో డ్రైవరు కుడి పక్కనుంచి ఎక్కుతాడు. ఎక్కినప్పుడూ దిగినప్పుడూ ఒళ్ళు ఆ అంచు మీదే రాసుకుంటుంది. అందుకే ఏ జీపులో చూసినా డ్రైవర్ సీటు కుడి వైపే ముందు చస్తుంది. మీ సీటు కుంగింది కూడా ఆ పక్కకే అని నేను రాసిస్తాను.

బోల్టులు తుప్పు పట్టి రాలేదు. కిరసనాయిలు పోసి కాసేపు ఆగి, పానా వేసి తిప్పితే వచ్చాయి. సీటు తిరగేసి బల్ల మీద పెట్టి, ఇనప క్లిప్పులు ఒక్కొక్కటే కటింగ్ ప్లేయరుతో పీకి కవరు ఊడదీశాడు. లోపల ఫోమ్ అనేదే మిగల్లేదు. బెల్లంపొడి రంగులో పొడి, జలజలా రాలింది. ఎండ వేడికీ, తడికీ, చెమటకీ ఫోమ్ అలాగే చివికిపోతుంది. పొడి కింద కొబ్బరి పీచు, దాని కింద గోనె పట్టా, పట్టా మడతల్లో దోసెడు మిరియాలు. ఏ బస్తాల నుంచి ఎప్పుడు జారాయో, నల్లగా ఎండిపోయి ఉన్నాయి. అన్నీ దులిపేశాక మేస్త్రీ ఫ్రేముని రెండు చేతులతో పట్టుకుని మెలి తిప్పాడు. కుడి వెనక మూల, గొట్టం వచ్చి బ్రాకెట్‌కి అతికిన చోట, తుప్పు కింద దాక్కున్న పగులు నోరు తెరిచింది. చేయి వదిలితే మూసుకుంది. మళ్ళీ తిప్పితే మళ్ళీ తెరిచింది.

ఇప్పుడు ఆలోచించండి. పైన కొత్త కవరు తొడిగించుకుని వచ్చేసి ఉంటే ఆ పగులు లోపలే ఉండేది. వెనక ఇంకో బండి గుద్దిన రోజున సీటు నాన్నతో సహా వెనక్కి పడేది. కవరు అందరికీ కనిపిస్తుంది కాబట్టి అందరూ దాని గురించే అడుగుతారు. మనిషిని మోసేది ఫ్రేము, నడుముని కాపాడేది ఫోమ్. ఈ రెండూ తేల్చుకోకుండా రంగులు ఎంచుకుంటూ కూర్చోవడం నాకు నచ్చదు.

పక్కనే వెల్డింగ్ షాపులో పగులు అతికించి, మూలకి చిన్న ఇనప ముక్క ఆసరా వేయించి, తుప్పంతా గీకి రెడ్ ఆక్సైడ్ పూయించాం. తెగిన స్ప్రింగు తీగ ఒకటి మార్చాడు. ఆ తర్వాత చేసిన పని చూసే ఆయన మీద నాకు గురి కుదిరింది. ఫోమ్ అంటించాక కవరు వేయకుండానే సీటు బండిలో బిగించి నాన్నని మళ్ళీ కూర్చోబెట్టాడు. ‘‘తొడ కింద నొక్కుతోంది’’ అన్నారు నాన్న. ముందు అంచు దగ్గర సుద్దముక్కతో గీత గీసి, పొడుగు కత్తితో పలచగా చెక్కాడు. మళ్ళీ కూర్చోమన్నాడు, మళ్ళీ చెక్కాడు. క్లచ్ పూర్తిగా తొక్కినా తొడ ఒత్తుకోవట్లేదని నాన్న చెప్పాకే కవరు కోసం గుడ్డ పరిచాడు. ఏ కంపెనీ షోరూములో మీ కొలతకి సీటు చెక్కి ఇస్తారు?

నాన్న నడుం నొప్పి ఆ సీటుతోనే తగ్గిందని నా గట్టి నమ్మకం. మందుల వల్లేనని అమ్మ అంటుంది. బెల్టు అయితే ఇప్పుడు బీరువాలోనే ఉంటోంది.

ఫోమ్ సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మోసం జరిగేది ఇక్కడే. షాపులో ‘‘40 డెన్సిటీ అండీ, గట్టిగా ఉంటుంది’’ అంటారు. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క. దానికీ గట్టిదనానికీ నేరుగా సంబంధం లేదు. తక్కువ రకం ఫోమ్‌లో సుద్దపొడి లాంటిది కలిపి బరువూ గట్టిదనమూ తెప్పించవచ్చు. అది కొన్నాళ్ళకే చప్పబడిపోతుంది. మా మేస్త్రీ అడుగున ముక్కలు అతికించి చేసిన చిప్ ఫోమ్ వేశాడు, మధ్యలో మంచి రకం, పైన వేలెడు మందాన మెత్తటిది. రాళ్ళ దారిలో తిరిగే బండికి ఈ వరస తప్పదు. అంతా మెత్తటిదే వేస్తే షాపులో కూర్చున్నప్పుడు హాయిగా ఉంటుంది. గుంటలో దిగగానే ఫోమ్ అంతా అణిగిపోయి వెన్నుపూస నేరుగా ఇనుముకి తగులుతుంది.

ఈమధ్య డైమండ్ కుట్టు అని ఒక పిచ్చి పట్టుకుంది జనానికి. సీటు మధ్యంతా గళ్ళు గళ్ళుగా కుట్టేస్తారు. ఏసీ వేసుకుని అద్దాలు మూసుకుని తిరిగే కార్లకి అది సరే. టాపు తీసి తిరిగే జీపుకి ఎందుకండీ? ప్రతి కుట్టూ ఒక సూది రంధ్రం. మీరు కూర్చునే చోటే వందల రంధ్రాలు పొడిపించుకుని, వానలో తడిపి, లోపల నీళ్ళు నిలబెట్టుకుంటున్నారు. తడి దిగిన ఫోమ్ ఆరదు, వాసన కొడుతుంది, కింద ఫ్రేముకి తుప్పు మొదలవుతుంది. మధ్య భాగం కుట్లు లేని ఒకే ముక్కగా ఉండాలి, కుట్లు పక్కలకి ఉండాలి. అలాగే నల్ల రెక్సిన్. మే నెలలో ఎండలో పెట్టిన బండిలో నల్ల రెక్సిన్ మీద కూర్చుని చూడండి, నేను చెప్పక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి విల్లీస్ జీపుల్లో సీట్లకి కాన్వాసు గుడ్డే వేశారు. డ్రైవర్ సీటు కిందే పెట్రోలు ట్యాంకు, దిండు ఎత్తి పోసేవారు. అంత మోటు బండి. అయినా గుడ్డ ఎంపికలో వాళ్ళకి ఉన్న తెలివి ఇప్పటి యాక్సెసరీ షాపుల్లో కనిపించదు. మందపాటి కాన్వాసు గాలికి ఆరుతుంది, ఒంటికి అతుక్కోదు. మా 540కి బూడిద రంగు కాన్వాసు, ఒళ్ళు రాసుకునే కుడి అంచుకి మాత్రం దళసరి రెక్సిన్ వేయించాం.

ఇక బకెట్ సీట్లు ఎందుకు వద్దంటున్నానంటే, అవి మీ బండి కోసం పుట్టినవి కావు. బోల్టు రంధ్రాలు కలవవు. కలవకపోతే నేల రేకుకి కొత్త రంధ్రాలు వేస్తారు, లేదా పట్టీ ఇనుము అడ్డంగా వేసి దాని మీద కూర్చోబెడతారు. సీటు ఎత్తు పెరుగుతుంది, మీ తల టాపు గొట్టానికి దగ్గరవుతుంది, కాలు క్లచ్‌కి సరిగ్గా అందదు. ప్రమాదంలో సీటు మీదా సీటు బెల్టు మీదా పడే బరువుని ఆ పలచటి రేకు ఆపుతుందా? బెల్టు బకిల్ మీ సీటుకే బిగించి ఉంటే ఈ గొడవ రెండింతలు. పైగా మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో రాసిన వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. వెనక బెంచీలు తీసి ఇంకోలా వేసి సీట్ల లెక్క మార్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇది చదివే వాళ్ళలో సీటు పక్కన ఎయిర్‌బ్యాగు ఉన్న కొత్త బండ్లవాళ్ళు ఎవరైనా ఉంటే, వాటి మీద బయటి కవర్లు అసలు కుట్టించకండి. బ్యాగు తెరుచుకునే చోటే అడ్డం పడుతుంది.

మీరు ఇంటి దగ్గర చేయాల్సింది ఇది. వీపు ఆనుకునే భాగం పైకొస పట్టుకుని ముందుకీ వెనక్కీ గట్టిగా ఊపండి. టకటకమంటే స్లైడరో (సీటుని ముందుకీ వెనక్కీ జరిపే పట్టాలు), బ్రాకెట్టో వదులైందని అర్థం. స్లైడర్ ఒక్కటే అయితే అది విడిగా మార్చుకోవచ్చు. టార్చి వేసి సీటు కింద చూడండి, వెల్డింగు మూలల దగ్గర తుప్పుని స్క్రూడ్రైవర్‌తో గీకండి. పొలుసులు ఊడి కింద గట్టి ఇనుము తగిలితే భయం లేదు, కుట్టించేయండి. స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోతే, లేదా గొట్టం రెండు మూడు చోట్ల పగిలితే, ఇంక వెల్డింగులు పెట్టించకండి. విజయవాడ ఆటోనగర్‌లోనో, గాజువాక ఆటోనగర్‌లోనో పాత సామాన్ల దుకాణాల్లో ఇదే మోడల్ సీటు ఫ్రేము దొరుకుతుందేమో వెతకండి. ప్రమాదంలో గుద్దుకున్న బండిది కాకుండా చూసుకుని తెచ్చి, దాని మీద మీ ఫోమ్, మీ గుడ్డ వేయించండి.

ఖర్చు అడుగుతారేమో. ఆ షాపువాడు సెట్టుకి చెప్పినదాంట్లో సగం కూడా కాలేదు మాకు, వెల్డింగుతో కలిపి.

వానలు పడకముందే పని పెట్టుకోండి, తేమగా ఉన్న రోజుల్లో ఫోమ్ అతికించే గమ్ము సరిగ్గా పట్టదు. కవరు ఊడదీసే రోజు మీరు పక్కనే ఉండండి, సాయంత్రం వచ్చి తీసుకెళ్తానని వదిలేయకండి. ఆ నాలుగు మూలలకీ దగ్గర్నుంచి ఫోటోలు తీసి ఇక్కడ పెడితే వెల్డింగుకి ఆగుతుందో లేదో చూసి చెప్తాను.