ట్యూబ్ మార్చినా మళ్ళీ పంక్చరా?

కొత్త ట్యూబ్ వేయించినా సైకిల్ వెనక టైరు మళ్ళీ మళ్ళీ దిగిపోతోందన్నారు కదండీ, తప్పు ట్యూబుది కాకపోవచ్చు. బెంగళూరు సిల్క్ బోర్డు కూడలి జామ్‌లో కార్ల పక్కనుంచి దూరిపోయే సుఖం మరిగాక, సైకిల్ తోసుకుంటూ నడవడం ఎంత చిరాకో తెలుసు.

గుచ్చుకున్నది ఇంకా టైరులోనే ఉండి ఉంటుంది. పేలిన లారీ టైర్ల నుంచి రాలిన సన్నటి ఇనుప తీగ ముక్కలు రోడ్డు అంచున పడుంటాయి, కంటికి ఆనవు. టైరు విప్పి లోపలంతా దూది ఉండతో మెల్లగా తుడవండి. తీగ ఉన్నచోట పోగు చిక్కుకుంటుంది, పట్టకారుతో లాగేయండి. ట్యూబుకు చిల్లు రిమ్ము వైపు ఉంటే మాత్రం రిమ్ టేప్ (చువ్వల తలలు ట్యూబుకు గుచ్చుకోకుండా రిమ్ము మీద వేసే పట్టీ) చూడాలి. పక్కపక్కనే రెండు చిల్లులా? గాలి తక్కువై గుంతలో ట్యూబు నలిగింది. గాలి ఎంత కొట్టాలో టైరు పక్క గోడ మీదే రాసి ఉంటుంది. పంక్చర్ షాపతను బొటనవేలితో నొక్కి ‘చాలు సార్’ అంటే నమ్మకండి.