పాప సివిల్ అంటోంది, మేం ఏఐ అంటున్నాం

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 వరదకి కింది వాటా మునిగింది. అప్పట్నుంచీ పాప సివిల్ చదివి నదుల మీద పనిచేస్తానంటోంది. మేం సీఎస్‌ఈ ఏఐ అంటున్నాం. రెండింటిలో ఏది మేలు?

మీరు కోర్సుల పేర్లు రాశారు గానీ మీ టెన్షన్ వేరండీ. ఆడపిల్ల, ఎండలో సైట్, చాలీచాలని జీతం, ఆపైన పెళ్లి. ఏటా కౌన్సెలింగ్ టైమ్‌లో నేను వినేదే.

ముందు పాప చేస్తానంటున్న పనేంటో చూడండి. ఆ సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి, దాని డిజైన్ సామర్థ్యమే 11.9 లక్షలు. కృష్ణ అంత నిండుగా ఉంటే బుడమేరు వరదని అందులోకి మళ్లించే డైవర్షన్ కాలువ నీళ్లు దిగవు, వెనక్కి తంతాయి, పైగా ఆ కాలువకి గండ్లు పడ్డాయి, ఊళ్లో బుడమేరు చూస్తే ఆక్రమణలతో సన్నబడిపోయింది. పైన రిజర్వాయర్లో ముందే ఎంత ఖాళీ ఉంచాలి, ఒక్కసారిగా ఎంత వదిలితే కింద గట్లు ఆగుతాయి అనే లెక్క వేసే మనిషి కావాలి. జనం పట్టించుకోనిది ఇంకోటుంది: ఏళ్ల తరబడి నీళ్లు సరిగా వదలకపోయినా ఏరు పాడవుతుంది. పారని చోట మేటలు పడి, తుమ్మ మొలిచి ఇరుకైపోతుంది, తర్వాత వరదొస్తే దానికి దారుండదు. కాబట్టి ఎంతకి మించి వదలకూడదు అన్నదే కాదు, ఎంతకి తగ్గకూడదు అన్నదీ లెక్కే. ఇందులో ఎక్కువ భాగం కంప్యూటర్ ముందు పనే.

ఏఐ మీద నా అనుమానం దాచను. చాలా కాలేజీల్లో బోర్డు కొత్తది, చెప్పేవాళ్లు పాతవాళ్లే. ఆ పేరుతో బయటికొచ్చేవాళ్లు ఎంతమందో చూస్తున్నారుగా, నాలుగేళ్ల తర్వాత అందరికీ ఉద్యోగాలుంటాయని నేనైతే మాటివ్వలేను. వరద అంచనాకి కూడా పైథాన్ కోడింగ్ కావాలి, అది పాప సివిల్‌లో ఉంటూనే నేర్చుకోవచ్చు.

సివిల్ బీటెక్‌తో ఆగిపోతే కష్టమే, అదీ చెప్తున్నా. గేట్ రాసి వరంగల్ ఎన్‌ఐటీలో వాటర్ రిసోర్సెస్, లేదా రూర్కీ ఐఐటీలో హైడ్రాలజీ (నీటి శాస్త్రం) ఎంటెక్ చేయాలి. ఇంజినీరింగ్ సర్వీసెస్ కొడితే కేంద్ర జల సంఘంలో పోస్టు రావచ్చు. రాష్ట్ర ప్రభుత్వ ఇంజినీర్ పోస్టు, అదే ఏఈఈ, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, దానికోసం ఇంట్లో కూర్చోబెట్టకండి. జాతీయ హైడ్రాలజీ సంస్థ ప్రాంతీయ కేంద్రం కాకినాడలోనే ఉంది, వీలైతే ఒకసారి తీసుకెళ్లండి.

ఇల్లు మునిగిన పిల్ల అంటున్న మాటండీ ఇది, రీల్ చూసి అన్నది కాదు. పక్కింటి అబ్బాయి ప్యాకేజీ తెచ్చి తన ముందు పెట్టడం మానండి. వెబ్ ఆప్షన్లలో మంచి ఫ్యాకల్టీ ఉన్న చోట సివిల్ ముందు, సీఎస్‌ఈ తర్వాత పెట్టించండి, పాస్‌వర్డ్ మాత్రం పాప దగ్గరే ఉండనివ్వండి.