ర్యాంపు ముందా, స్నానాలగది ముందా?

ప్రశ్న: 68 ఏళ్ల మా అత్తగారికి ఆరు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి కాలు, కుడి చెయ్యి పట్టు తప్పాయి. పక్కన ఒకరుంటే నాలుగడుగులు వేయగలరు. వీధి గుమ్మానికి మూడు మెట్లు, వెరసి అడుగున్నర ఎత్తు. అక్కడ ఆరడుగుల ర్యాంపు చాలని మేస్త్రీ అంటున్నాడు. మావారు చక్రాల కుర్చీ కొందామంటున్నారు. చేతిలో ఉన్నవి ఇరవై వేలు. దేనికి ముందు ఖర్చు పెట్టాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందుగా, ఆ ఆరడుగుల ర్యాంపు కట్టించకండి. కుర్చీని క్షేమంగా నెట్టాలంటే అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు ఉండాలి. ఆ లెక్కన మీ గుమ్మానికి 18 అడుగులు కావాలి, పైన కుర్చీ నిలపడానికి చదునైన చోటు వేరుగా కావాలి. ఆరడుగుల వాలు మీద ఎక్కించడం మీ ఒక్కరి వల్ల కాదు, దింపేటప్పుడు కుర్చీ మీ చేతుల్లో ఆగదు.

ఆవిడ కొంత నడవగలుగుతున్నారు కనుక ప్రస్తుతానికి మెట్లకు ఇనుప గొట్టాల కమ్మీలు పెట్టించండి, అదీ రెండు వైపులా. ఒకవైపు చాలదా అని మేస్త్రీ అడగవచ్చు. కాని పట్టు ఉన్నది ఎడమ చేతికే, ఎక్కేటప్పుడు ఎడమవైపున్న కమ్మీ దిగేటప్పుడు కుడివైపుకు వస్తుంది. గడప జోలికి పోనవసరం లేదు (పసుపు రాసిన గడపను పగలగొడతామంటే అత్తగారు ఊరుకుంటారా?), రేపు కుర్చీ వచ్చినా, గడపకు అటూ ఇటూ వాలుగా చెక్కిన చెక్కదిమ్మెలు వేస్తే సరిపోతుంది.

మిగిలిన డబ్బులో ఎక్కువ భాగం స్నానాలగదికే వెచ్చించాలని నా అభిప్రాయం, ఎందుకంటే తడి నేల మీద, పట్టుకోవడానికి ఏమీ లేనిచోట, ఆవిడ రోజుకు అయిదారుసార్లు లేచి కూర్చోవలసింది అక్కడే. తువ్వాలు వేసే కడ్డీ మనిషి బరువుకు ఊడి వస్తుంది. దానికి బదులు అంగుళంన్నర మందం స్టీలు గొట్టాన్ని గోడ ఇటుకలోకి దిగే బోల్టులతో, కమోడు మీద కూర్చున్నప్పుడు ఎడమ చేతికి అందే ఎత్తులో బిగించాలి. ఆ ఎత్తును ఆవిడను కూర్చోబెట్టి చూసి గుర్తు పెట్టాలే గాని, మేస్త్రీ అంచనాకు వదలకూడదు. కమోడు లేకపోతే సర్జికల్ దుకాణంలో దొరికే కమోడు కుర్చీ చాలు. తలుపు లోపలికి తెరుచుకునేదైతే బయటికి తిప్పించండి: ఆవిడ లోపల పడిపోతే తలుపుకు ఆవిడే అడ్డమవుతారు.

కుర్చీ మాత్రం ఇప్పుడే కొనకండి. అరవై దాటి, నెల ఆదాయం 15,000 రూపాయలు మించనివారికి కేంద్రం 2017లో ప్రారంభించిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద చేతికర్రలు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇస్తారు. ఆదాయం అంతకు మించితే, వైకల్యం ఉన్నవారికి ఉపకరణాలు ఇచ్చే కేంద్ర పథకం అడిప్ ఉంది. దానికి సదరం శిబిరంలో (వైకల్య ధ్రువపత్రాల కోసం పరీక్ష చేసేచోట) 40 శాతం వైకల్యం ధ్రువపడాలి. నెల ఆదాయం 22,500 రూపాయల వరకు ఉంటే పూర్తి రాయితీ, 30,000 వరకు ఉంటే సగం. జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ కార్యాలయంలో పంపిణీ శిబిరం ఎప్పుడో అడగండి. ఈలోగా నాలుగు కాళ్ల చేతికర్ర ఒకటి కొని ఎడమ చేతికివ్వండి. రెండు చేతులతో పట్టే వాకర్ ఆవిడకు పనికిరాదు. కుర్చీ ఎంచుకునే రోజున మీ ఇంటి తలుపుల వెడల్పు కొలిచి వెంట తీసుకువెళ్ళండి.